పసుపు పలకలపై ప్రహేళికలు

ఎనిమిది కాళ్ళది యొకటి, నాలుగు కాళ్ళది యొకటి, అసలు కాళ్ళే లేనిది మరియొకటి, ఈ మూడును ఒక్కచోట చేరియున్నవి, అచట రైలాగును, ఆ చోటేది? ఈ ప్రశ్న విన్నవాడు మొదట జంతుప్రదర్శనశాల నెంచును, తరువాత అడవి నెంచును, తుదకు విసిగి జవాబు మీరే చెప్పుడనును. కాని గూడూరునుండి రేణిగుంటకు పోవు దారిలో కిటికీయొద్ద కూర్చుండి, పసుపుపచ్చని పలకమీద నల్లని పెద్ద అక్షరములతో ‘శ్రీకాళహస్తి’ యని వ్రాసియుండుట చూచినంతనే, శ్రీ యనగా సాలెపురుగనియు, కాళమనగా సర్పమనియు, హస్తి యనగా ఏనుగనియు, ఈ మూడును శివుని గొలిచి ముక్తి పొందిన కథను తాను చిన్ననాడే విన్నాననియు స్ఫురించి, ఆ ప్రయాణికుని ముఖము వికసించును. తెలిసిన విషయమే తెలియనట్లు ముసుగు వేసికొని యెదుటికి వచ్చుట, ఆ ముసుగును మనమే తొలగించుట, ఇదియే ఈ వినోదమునకు ప్రాణము.

రైల్వే స్టేషను పేర్లతో పొడుపుకథలు కట్టుటకును విప్పుటకును తెలుగుదేశము వంటి రంగస్థలము అరుదు. ఇచ్ఛాపురమునుండి సూళ్ళూరుపేటవరకు సముద్రతీరము వెంబడి పోవు దారి యొకటి, సిర్పూరు కాగజ్‌నగరమునుండి ఖాజీపేట మీదుగా విజయవాడకు దిగు దారి యొకటి, గుంటూరునుండి నల్లమల దాటి నంద్యాలకు పోవు దారి యొకటి, గుంతకల్లునుండి కడప మీదుగా తిరుపతికి పోవు దారి యొకటి; ఈ దారులలో ప్రతి స్టేషను రెండు కొనలయందును నిలువెత్తు పలక పాతియుండును; దానిపై ఊరిపేరు తెలుగులోను, హిందీలోను, ఇంగ్లీషులోను వ్రాసియుండును; క్రింద సముద్రమట్టమునకు ఆ చోటు ఎన్ని మీటర్ల ఎత్తున నున్నదో అంకెలలో వేసియుండును. పొడుపుకథ కట్టువానికి కావలసిన ముడిసరకంతయు ఆ పలకమీదనే యున్నది. వేరొక గ్రంథము తిరుగవేయ నక్కరలేదు.

ఇది రైలు వచ్చిన తరువాత పుట్టిన వేడుక యని తలచువారు గలరు. రైలు క్రొత్తది కావచ్చును గాని ఊరిపేరును దాచి చెప్పు విద్య మిక్కిలి ప్రాచీనము. వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో ప్రహేళికను చేర్చినాడు. దండి మహాకవి తన కావ్యాదర్శమున మూడవ పరిచ్ఛేదమునందు పదునారు విధములైన ప్రహేళికలను లక్షణపూర్వకముగా వివరించి, గోష్ఠులయందలి వినోదమునకును, నలుగురు కూర్చున్నచోట రహస్యముగా మాటలాడుకొనుటకును, ఎదుటివానిని తికమకపెట్టుటకును అవి పనికివచ్చునని ప్రయోజనము సైతము చెప్పినాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణములలో ఒకటి సాక్షాత్తు ఊరిపేరు పొడుపే. నడుమ అనునాసికము గలదట, చుట్టును నాలుగు వర్ణములచే అలంకరింపబడినదట, అట్టి నగరమొకటి కలదట. దానిని ఏలు రాజుల పేరున ఎనిమిది వర్ణములున్నవట. నాలుగు వర్ణములనగానే వినువాడు బ్రాహ్మణ క్షత్రియాది వర్ణములను తలచి, అన్ని జాతులవారును నివసించు మహానగరమని అర్థము చెప్పికొని తృప్తిపడును. అదియే దండి పన్నిన వల. వర్ణమనగా ఇచట అక్షరధ్వని. కకారము, ఆకారము, నడుమ ఞకారము, పిదప చకారము, ఈకారము: కాంచీ. ఎనిమిది ధ్వనులుగల పేరు పల్లవాః. సుమారు పదమూడు వందల యేండ్లకు పూర్వము కట్టిన ఈ పొడుపునకు జవాబైన కాంచీపురమున నేడు రైల్వే స్టేషనున్నది. చెంగల్పట్టునుండి అరక్కోణమునకు పోవు బండి అచట నాగును. కనుక స్టేషను పేర్ల పొడుపులకు ఆదిగురువు దండియే యని నేననినచో, పండితులు కోపింపరని నా నమ్మకము.

దండి పొడుపునుండి మనము నేర్చుకొనవలసిన నియమ మొకటి గలదు. అతడు పేరులోని ప్రతి ధ్వనికిని లెక్క చెప్పినాడు, ఒక్కటియు మిగులలేదు. మంచి పొడుపునకు గీటురాయి ఇదియే. పేరును రెండుగా విరిచి, ముందుభాగమునకు మాత్రము సూచన యిచ్చి, తోకను గాలికి వదలివేయు పొడుపు విప్పినవానికి సంతోషము గలిగింపదు. జవాబు తెలిసిన తరువాత కూడ ‘అయితే ఆ చివరి అక్షర మేమైనది?’ అను సందేహము మిగులును. పేరుయొక్క ప్రతి అక్షరమును పనిచేయవలెను; సూచనయందలి ప్రతి మాటయు పనిచేయవలెను; జవాబు దొరకినప్పుడు వేరొక జవాబునకు చోటుండరాదు.

ఈ నియమమును సులభముగా నెరవేర్చునవి ఒక్కమాట పేర్లు. వంకాయ కూరకు ముందు నిలుచు ఊరేది యన్న ‘గుత్తి’. కల్లు కుండ వ్రేలాడు స్టేషనేది యన్న అనకాపల్లికిని దువ్వాడకును నడుమనున్న ‘తాడి’. చేతికి తొడుగుకొని రైలు దిగదగిన చోటేది యన్న రాజమహేంద్రవరము దాటగానే వచ్చు ‘కడియం’. ఈ కడియమునందే శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1870లో జన్మించినారు. ఏ మాటనైనను ఏ అర్థముననైనను పద్యమున పొదుగగల ఆ మహనీయుని జన్మస్థలము పేరే ఒక ఆభరణమగుట మాబోటి శబ్దప్రియులకు పరమానందము గలిగించు విషయము. ఇప్పటి అవధానసభలలో పృచ్ఛకులు దత్తపదికి ఇంగ్లీషు మాటలను, సినిమా పేర్లను ఏరి తెచ్చుచుండుట చూచుచున్నాము. తుని, గుత్తి, ఉండి, దూసి యను నాలుగు స్టేషన్లను ఇచ్చి భారతార్థమున పద్యము చెప్పుమనిన ఎంత రసవంతముగా నుండును!

ఆ నాలుగింటిలో ‘ఉండి’ విషయమై ఒక ముచ్చట చెప్పవలెను. నిడదవోలునుండి భీమవరము మీదుగా గుడివాడ వైపు పోవు ప్యాసింజరులో నా యెదుట ఒక విశ్రాంత తెలుగు మాస్టారును, పదేండ్ల ఆయన మనుమడును కూర్చుండిరి. అత్తిలి దాటిన పిదప పెద్దాయన ప్రారంభించెను.

“ఒరేయ్, ముందు రాబోయే స్టేషన్లలో ఒకదాని పేరు చెప్పుకో చూద్దాం. రైలు వెళ్ళిపోతుంది, జనం వెళ్ళిపోతారు, అది మాత్రం వెళ్ళదు. మాట మొదలెడుతుంది గానీ పూర్తి చెయ్యదు. రెండే అక్షరాలు.”

“రైలు వెళ్ళిపోయాక ఏ స్టేషనైనా అక్కడే ఉంటుంది గదా తాతయ్యా!”

“ఉంటుంది అన్నావు చూశావా, అక్కడే పట్టుకో. ఉంటుంది అనేసరికి మాట పూర్తయిపోయింది. పూర్తి కాకుండా చెప్పు.”

“ఉంటూ...”

“ఉంటూ కాదురా అబ్బాయ్. ‘నాలుగు రోజులు ఇక్కడే... వెళ్ళాడు’. ఆ మధ్యలో ఏం పెడతావు?”

పిల్లవాడు పెదవులు కదపి వాక్యమును తనలో తాను చెప్పుకొని, “ఉండి! ఉండి తాతయ్యా!” అని బల్లమీదినుండి లేచి నిలుచుండెను. ప్రక్కన సంచి ఒడిలో పెట్టుకొని కూర్చున్న ఇల్లాలు నవ్వి, “మా పుట్టినూరేనండి మాస్టారూ, పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ అంటున్నాను గానీ ఆ మాటలో ఇంతుందని నాకు తట్టనేలేదండి” అనెను.

ఆ మాస్టారు చేసిన పనిలోని నేర్పు గమనింపదగినది. ఆయన జవాబు చెప్పలేదు. పిల్లవాని నోటనే ఉన్న జవాబును వానికి చూపినాడు. ‘మాట పూర్తి చేయదు’ అను సూచనలో వ్యాకరణమంతయు ఇమిడియున్నది: ‘ఉండి’ యనునది క్త్వార్థకము, అసమాపకక్రియ, వినువాని చెవి తరువాతి క్రియకొరకు వేచియుండును. విజయనగరమునుండి శ్రీకాకుళము రోడ్డునకు పోవు దారిలో పొందూరు తరువాత వచ్చు ‘దూసి’ యును ఇట్టిదే. కత్తి దూసి, పిమ్మట ఏమిచేసెనో చెప్పదు. పాఠశాలలో క్త్వార్థకమును నిర్వచనముతో వల్లెవేయించినదానికంటె ఈ రెండు పలకలను చూపి చెప్పినచో పిల్లలు మరువరని నేను దృఢముగా చెప్పగలను.

ఇక ఈ విద్యకు శిఖరమనదగినది పదచ్ఛేదము. తెలుగున సంధి మాటలను అతుకు కనబడకుండ కలిపివేయును; కావున అతుకు ఎచటనున్నదో వెదకుటయే విప్పువాని పని; లేని అతుకును ఉన్నట్లు చూపి మభ్యపెట్టుట కట్టువాని పని. ఖమ్మమునుండి విజయవాడకు వచ్చు దారిలో ‘చింతకాని’ యను స్టేషనున్నది. దుఃఖమని పొరబడకుడని చెప్పు ఊరేది? చింత కాని ఊరు. చెట్టును చూపి, ఇది పులుపుకాయల చెట్టు కాదు సుమా అన్నను ఆ ఊరే. చింతకు వగపనియు, చెట్టనియు రెండర్థములుండుటచే ఒక్క పేరునకు రెండు పొడుపులు లభించినవి. రెండింటను ఒక్క అక్షరమైనను మిగులలేదు. గుంటూరు–నంద్యాల మార్గమున ‘చీకటీగలపాలెం’ కలదు. ‘టీ’ యని దీర్ఘము పలికినచో చీకటియందు ముసురు ఈగలు గల పాలెము. ‘టి’ యని హ్రస్వముగా పలికినచో చీకటి గల పాలెము. ఒక్క దీర్ఘముచే ఊరినిండ ఈగలు వాలును, అది తొలగినచో ఎగిరిపోవును! సభంగశ్లేషకు ఇంతకంటె చక్కని ఉదాహరణమును పింగళి సూరన పాఠకునికి చూపబూనినను నాకు అభ్యంతరము లేదుగాని, దీనిని మాత్రము రైల్వేవారు ఎవరి ప్రయత్నమును లేకుండగనే పలకపై వ్రాసి నిలిపినారు. ఆ దారినే నల్లమల నడుమ ‘దిగువమెట్ట’ వచ్చును; దిగువ యనగా పల్లము, మెట్ట యనగా ఎత్తు నేల; ఎత్తున నున్న పల్లమేది యని ఒక్క విరోధాభాసతో పొడుపు ముగియును. భువనగిరికిని జనగామకును నడుమ ‘ఆలేరు’ గలదు. ఆ యనగా ఆవు, ఆలు అనగా ఆవులు. పశువులు నీరు త్రాగు ఏరేది యని యడుగవచ్చును.

బంధుత్వములను ఒక్క పద్యమున చేర్చి ఈ కథనముకొరకు నేనొక ఆటవెలది కట్టితిని. పాఠకులు క్రిందికి చదువక ముందు కొంత ఆగి విప్పుటకు యత్నించినచో నాకు సంతోషము.

అత్త యున్న దెచట నచ్చోట రైలాగు
మామ యండ యెచట మాకు దెలుపు
అక్క యన్న కలిసి యాడెడు పేటేది
వగపు కాని యూరు పలుకగలవె

మూడవ పాదము పిల్లలకొరకు: సికింద్రాబాదునుండి నిజామాబాదు పోవు దారిలో మెదకునకు పాయ చీలు ‘అక్కన్నపేట’. మొదటి పాదమునకు ‘అత్తిలి’. రెండవదానికి రేణిగుంట చేరువనున్న ‘మామండూరు’, మామ అండగా నిలిచిన ఊరు. నాలుగవదానిని ఇంతకుమునుపే చెప్పితిని. అచట చింతను వగపని పేరు మార్చి చెప్పుట దండి సమానశబ్ద యన్న జాతికి సమీపమైన మార్గము. అత్తవారు పశ్చిమగోదావరిలోను, మామగారు తిరుపతి సీమలోను, అక్కయు అన్నయు మెదకు సీమలోను ఉండుటచే ఈ కుటుంబము కలిసికొనవలెనన్న రైలే గతి.

పాండవులకును మన రైలుదారులలో చోటున్నది. ధర్మజునకు ‘ధర్మవరం’, వృకోదరునకు ‘భీమవరం’, అర్జునునకు విజయుడను పేరుండుటచే ‘విజయవాడ’. వారికి విలువిద్య నేర్పిన గురువునకు, నేడు డోనని వాడుకలోనున్న ‘ద్రోణాచలము’. అన్నకు వరము, తమ్మునికి వరము, మూడవవానికి వాడ, గురువునకు కొండ యిచ్చిన స్టేషన్లేవి యని యడిగినచో మూడు తరముల వారును కలిసి ఆడుకొనవచ్చును. ఇట్టి పొడుపులకు పురాణజ్ఞానము కావలెను; కాని అది తెలుగింట వేరుగా కొనితెచ్చుకొనవలసిన సరకు కాదు. తమిళ సరిహద్దుకు చేరువగా అరక్కోణము దారిలోనున్న ‘వెంకటనరసింహరాజువారిపేట’ భారతీయ రైల్వేలలో దీర్ఘనామముగా ప్రసిద్ధిగాంచినది. తెలుగున పదమూడు అక్షరములు. దేవుడు, మనుజుడు, మృగము, ప్రభువు, వీరందరును ఒక్క పేటలో కాపురమున్నారన్నచో, వెంకటుడును నరుడును సింహమును రాజును వరుసగా వచ్చి నిలుతురు.

వంటింటి పొడుపులు వేరొక తీరు. నువ్వులుండకు ఏయే స్టేషన్లలో దిగవలెను? శ్రీకాకుళము జిల్లాలోని ‘తిలారు’న దిగినచో తిలలు దొరకును, అవియును ఆరే; గుంటూరు–నడికుడి దారిలోని ‘బెల్లంకొండ’న దిగినచో బెల్లము కొండంత. కొలత సరిపడదుగాని పొడుపు సరిపడినది. బెల్లంపల్లి యనువారికి ఒక మాట: అచట బెల్లముండ దగినంత ఉన్నను కొండ లేదు, ‘బెల్లము కుప్పపడినది’ యన్న సూచన యుండినచో పల్లె పనికిరాదు, కొండయే కావలెను. సూచనను తుదవరకు చదువని తొందరపాటు అట్టిచోట కనబడును.

అక్షరములను తారుమారు చేయు పొడుపులకు మరొక రుచి. తిరుగవేసినచో నిద్రించుటకు అనువగు ఊరు ‘కడప’: పడక. వత్తు జారినచో మత్తెక్కించు ఊరు ‘మధిర’: మదిర. నడుమనుండి ‘నా’ది తొలగించిన తెల్లబడు ఊరు ‘తెనాలి’: తెలి. సంస్కృతమున అక్షరము జారవిడుచుటను చ్యుతమనియు, చేర్చుటను దత్తమనియు చిత్రకవితా లాక్షణికులు పేరు పెట్టిరి. తెలుగు లిపియందు అక్షరమనగా హల్లును అచ్చును కూడిన పూర్ణధ్వని కావున తిరుగవేసినను నోరు తిరుగును. కడపను రోమను లిపిలో వ్రాసి తిరుగవేసి చూడుడు, పడక రాదు.

ఇచట నా అభిప్రాయమును దాపరికము లేక చెప్పుచున్నాను. స్టేషను పేర్ల పొడుపులను ఇంగ్లీషు అక్షరములతో కట్టు అలవాటు మన పిల్లలలో పెరుగుచున్నది. అది మంచిది కాదు. రోమను లిపి తడికిని తాడికిని, పుల్లకును పూళ్ళకును గల భేదమును నిలుపదు. దొరలకాలమున గుత్తి వంటి పొట్టి పేరును సైతము గుర్తుపట్టరాని రూపమున వ్రాసిరి. ఆ కాలపు ఆనవాలు టికెట్టుమీద నేటికిని గలదు: విజయవాడకు రైల్వేవారి సంకేతాక్షరములు బి.జెడ్.ఎ., అనగా బెజవాడ. కాకినాడ టౌనునకు సి.సి.టి., అనగా దొరలు పలికిన కొకనాడ. చరిత్రకు అవి సాక్ష్యములే, వానిని గౌరవింపవలసినదే. కాని చెవితో ఆడవలసిన ఆటకు అవి పనికిరావు. పలకమీద తెలుగక్షరముల వరుస యుండగా దానిని విడిచి క్రింది వరుసను చదువుట ఎందులకు?

మరియొక హెచ్చరిక గలదు. పొడుపుకొరకు విరిచిన విరుపును ఊరి పుట్టుకకు నిదర్శనముగా గైకొనరాదు. తిలారున ఆరు నువ్వులు వెదకుట ఆటకే చెల్లును. ఉలవపాడున ‘పాడు’ను చూచి ఉలవలు చెడిపోయిన చోటని పొడుపు కట్టవచ్చును, కాని స్థలనామములయందు పాడు అనునది ఊరిని తెలుపు ప్రాచీనశబ్దము. గొల్లప్రోలు, అమ్మనబ్రోలు, నిడదవోలు, ఈ మూడింటి తోకలును ఒక్క ‘ప్రోలు’ నుండియే వచ్చినవి, ప్రోలనగా పట్టణము. ‘కేసముద్రం’ విషయము చూడుడు: వరంగల్లు–మహబూబాబాదు నడుమ, ఏ తీరమునకును చేరువ కాని చోట, సముద్రము గల స్టేషనేది యన్న పొడుపు చెవికింపుగా నున్నది, పలక క్రింద సముద్రమట్టపు అంకె కూడ ఉండుటచే ఇంకను ఇంపు. అయితే పెద్ద చెరువును సముద్రమని పిలుచుట మన పూర్వరాజుల కాలపు ఆచారము. అనంతపురము చెంత బుక్కరాయసముద్రమును ఆ ఆచారమునకే నిదర్శనము. పొడుపు విప్పిన తరువాత ఈ నిజమును కూడ పిల్లలకు చెప్పినచో వారు నవ్వుటయు నేర్చుకొనుటయు రెండును జరుగును.

విప్పు విధానమును ఒక కఠినమైన పొడుపుతో చూపెదను. పట్టపగలు దిగినను పేరున రాత్రియే, అచటినుండి ముందుకు పట్టాలు లేవు, వెన్నదొంగ కెరుకైన పేరు, ఏది? మూడు సూచనలలో దేనిని ముందు పట్టవలెనన్నది మొదటి ప్రశ్న. వెన్నదొంగను ముందు పట్టినవాడు మథుర, ద్వారక, గోకులమని ఉత్తరదేశమునకు పోయి తప్పిపోవును. రాత్రిని ముందు పట్టినవాడు నిశ, రజని, యామిని యని నిఘంటువును అడుగువరకు తవ్వును. తెలివిగలవాడు నడిమి సూచనను ముందు పట్టును, ఏలనన అది పేరును గూర్చినది కాదు, దారిని గూర్చినది. దానికి జవాబులు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. పట్టాలు ముగియు స్టేషన్లు తెలుగునాట ఏవి? నరసాపురము, మచిలీపట్నము, మాచెర్ల, రేపల్లె వంటివి. ఇక ఒక్కొక్కదానియందు రాత్రిని వెదకుడు. నరసాపురమున లేదు, మచిలీపట్నమున లేదు, మాచెర్లలో లేదు. రేపల్లెలో ‘రే’ యున్నది, రే యనగా రాత్రి, రేరాజు అన్నప్పుడు ఉన్నది ఆ రేయే. మిగిలినది పల్లె. వెన్నదొంగ పెరిగిన గొల్లపల్లెకు మన కవులు పెట్టిన తెలుగు పేరు వ్రేపల్లె, అదియే వాడుకలో రేపల్లె. మూడు సూచనలును ఒక్కచోట కలిసినవి, అక్షరము మిగులలేదు. తెనాలినుండి పోవు ఆ చిన్న దారి చివర కృష్ణాతీరము చేరువనే యున్నది.

ఇట్లు వరుసగా నిలిచిన పేర్లను వినుటకు ప్యాసింజరు బండియే తగినది. వేగపు బండ్లు తాడియొద్ద ఆగవు, దూసియొద్ద ఆగవు, దిగువమెట్టయొద్ద అసలే ఆగవు. పలక కనుమూసి తెరచులోపల వెనుకకు పోవును. చల్లని పెట్టెల అద్దములు లోపలి దీపములనే ప్రతిఫలింపజేయును. సెలవులలో పిల్లలను వెంట తీసికొని, పగటిపూట, ప్రతి స్టేషనునందును ఆగు బండిలో, యాభై కిలోమీటర్ల దూరమైనను ప్రయాణము చేయుడని తల్లిదండ్రులకు నా విన్నపము. పలక రాగానే పేరును గట్టిగా చదువనిండు; రెండుసార్లు, ఎచటెచట విరుగునో వెదకుచు చదువనిండు; జవాబు మీరు ముందు చెప్పకుడు.

ఈ వారము పాఠకులకు మూడు పొడుపులు వదలుచున్నాను. చెప్పినది ఆలకించు కొండ యేది? పగలును రేయియు మెలకువగానుండి ఊరిని కాయవలసిన ఊరు, మూడక్షరములు, నెల్లూరు జిల్లా, ఏది? నలుని రాయబారి దయచేసి యిచ్చినది, తూర్పు తీరపు దారిలో తునికి చేరువ, ఏది? జవాబులు వచ్చే ఆదివారపు సంచికలో చూడవచ్చును. అంతలో మీ ఊరి స్టేషను పేరుతో మీరును ఒక పొడుపు కట్టి పంపుడు. జవాబు పలకమీద తెలుగు వరుసలో ఎట్లున్నదో అట్లే యుండవలెను, అందలి ఏ అక్షరమును మిగులరాదు.